ఏ టైపు?

టైపు అనే ఇంగ్లిష్ మాట మన వాడుకలో ఇంటిమాటలా తిరుగుతోంది. "వాడో టైపులే" అంటే ఆ మనిషి మనకు నచ్చలేదని. "ఏ టైపు కావాలి?" అని దుకాణదారు అడిగితే రకం. "టైపు హయ్యర్ పాసయ్యాడు" అంటే ఒకప్పుడు గుమాస్తా ఉద్యోగానికి సగం దూరం నడిచినట్టే. అచ్చాఫీసులో "టైపు అరిగిపోయింది" అంటే సీసపు అక్షరాల సంగతి. ఇన్ని అర్థాలున్నా వినేవాళ్ళెవరూ తడబడరు.

ఇవి కాక మరో టైపు ఉంది. వెబ్ పేజీ తెరిచిన ప్రతిసారీ, అసలు పేజీ కంటే ముందు సర్వర్ నుంచి బ్రౌజర్‌కు కొన్ని వరుసలు చేరతాయి. వాటినే హెడర్లు అంటారు. అందులో ఒకటి కంటెంట్-టైప్. వెనకాల వస్తున్న సరుకు ఫలానా రకమని చెప్పడమే దాని పని. చదువుకునేవారి కంటికి అది కనబడదు. కానీ ఆ వరుస తప్పితే బొమ్మ పిచ్చి అక్షరాలవుతుంది, తెలుగు లాటిన్ అవుతుంది, ఎవరో ఎక్కించిన ఫొటో మరొకరి ఖాతా తాళం తీస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా సర్వర్లు, బ్రౌజర్లు, ప్రమాణాలు రాసేవాళ్ళు ఈ వరుస మీద తగవులాడుకుంటున్నారు. ఆ తగవు టైపు అనే మాటలో ముందునుంచీ ఉన్నదేనని నాకనిపిస్తుంది.

మాట పుట్టుక గ్రీకులో. టుప్తైన్ అంటే కొట్టడం. టుపోస్ అంటే ముందు దెబ్బ, తర్వాత దెబ్బ మిగిల్చిన గుర్తు, ఆ తర్వాత గుర్తు వేసే మూస, చివరికి ఆ మూసలో దిగినవాటన్నిటి రకం. సంస్కృత ధాతుపాఠంలో హింసార్థంలో ఉన్న తుప్, తుంప్ ధాతువులను దీనికి దూరపు చుట్టాలుగా చూపుతారు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి దెబ్బ మరుగునపడి రకమే పైకి తేలింది. చిత్రం, తెలుగువాడు ఆ దెబ్బను వెనక్కి తెచ్చుకున్నాడు. మనం టైపు చెయ్యం, టైపు కొడతాం. స్టాంపు కొడతాం, ముద్ర కొడతాం, టైపూ కొడతాం. గ్రీకు తెలియకుండానే ధాత్వర్థం పట్టుకున్నాం.

మన అచ్చు కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది. బెల్లాన్ని అచ్చులో పోస్తారు, పుస్తకాన్ని అచ్చు వేస్తారు, పిల్లవాడు అచ్చుగుద్దినట్టు తండ్రి పోలికే అంటారు. మూస, ముద్ర, పోలిక మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. తమిళం, కన్నడం, మలయాళాల్లోనూ ఈ మాట ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, అచ్చయినా టైపయినా వస్తువు లోపలినుంచి పుట్టుకొచ్చే గుణం కాదు. బయటినుంచి ఎవరో వేసిన దెబ్బ. అయితే ఒకసారి పడ్డాక ఆ ముద్ర వస్తువు ఒంటి మీదే కనబడుతుంది కాబట్టి, చూసేవాడు దాన్ని వస్తువు స్వభావమనే అనుకుంటాడు. వేసినవాడి మాట నమ్మాలా, కంటికి కనబడుతున్నదాన్ని నమ్మాలా? వెబ్‌లో తగవంతా ఇదే.

1991 నాటి తొలి వెబ్‌లో టైపు ఊసే లేదు. సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన ఆ పద్ధతికి తర్వాత హెచ్‌టీటీపీ 0.9 అని అంకె తగిలించారు. బ్రౌజర్ ఒక్క వరుసలో పత్రం అడిగేది, సర్వర్ పంపేసి లైను కట్ చేసేది. వచ్చేది ఎప్పుడూ వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎలే అయినప్పుడు రకం చెప్పే పనేముంది? బొమ్మలూ పాటలూ రావాలనుకున్నప్పుడే పేర్లతో పనిపడింది. ఆ పేర్లను వెబ్ సొంతంగా కల్పించుకోలేదు, ఈమెయిల్ దగ్గర అరువు తెచ్చుకుంది.

ఈమెయిల్‌లో బొమ్మలూ శబ్దాలూ పంపడానికి నేథనియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రాసిన పత్రం 1992 జూన్‌లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 1341గా వెలువడింది. దాని పేరు మైమ్. ఆ ఏడాది మార్చిలోనే బోరెన్‌స్టైన్ తన పాటల బృందం ఫొటోనూ, వాళ్ళు పాడిన పాటనూ ఒక ఉత్తరానికి తగిలించి పంపి, పద్ధతి పనిచేస్తుందని చూపించాడు. మైమ్ అనే పొట్టిపేరులో ఒక 'ఎం' మెయిల్‌ది. వెబ్ పేజీలు కూడా ఉత్తరాల కోసం కుట్టిన చొక్కానే ఇప్పటికీ తొడుక్కుంటున్నాయన్నమాట.

మైమ్ పేరులో రెండు ముక్కలు, మధ్య ఏటవాలు గీత. టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్, ఇమేజ్/పీఎన్‌జీ. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, అచ్చంగా మన తెలుగువాళ్ళ వరస. మొదట్లో ఏడు ఇంటిపేర్లు ఉండేవి. టెక్స్ట్, ఇమేజ్, ఆడియో, వీడియో, అప్లికేషన్, మల్టీపార్ట్, మెసేజ్. తర్వాత ఒకటీ అరా చేరాయి. 2017లో ఫాంట్ అనే ఇంటిపేరు చేరడం చూసి నాకు ముచ్చటేసింది. సీసపు టైపు వారసులైన ఫాంట్లకు చివరికి ఒక కంటెంట్ టైపు దక్కింది. టైపుకే టైపు!

సరే, ఈ పేరు చెప్పేది సర్వర్. మరి సర్వర్‌కు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉన్న మూడు నాలుగు అక్షరాలు చూసి, తన దగ్గరున్న జాబితాలో వెతికి, ఎదురుగా ఉన్న మైమ్ పేరు చదివేస్తుంది. మామూలుగా ఫైలు లోపలికి తొంగి కూడా చూడదు. జాబితాలో లేని తోక తగిలితే? చాలాకాలం పాటు వెబ్‌లో ఎక్కువగా నడిచిన అపాచీ సర్వర్, రకం తెలియని ఫైలును టెక్స్ట్/ప్లెయిన్ అని, అంటే సాదా పాఠమని చెప్పి పంపేది. రార్ ఫైలు సాదా పాఠం, కొత్తగా వచ్చిన వీడియో రకం కూడా సాదా పాఠమే. తెలియదని ఒప్పుకోవడం కంటే ఏదో ఒక పేరు చెప్పేయడం తేలికని ఆ డీఫాల్టు పెట్టినవాళ్ళు అనుకుని ఉంటారు. మన ఆఫీసుల్లో ఫారాలు నింపేవాళ్ళు 'ఇతరములు' అన్న గడిలో టిక్కు పెట్టి చేతులు దులుపుకోవడం చూడలేదా?

సర్వర్ మాట నమ్మిన బ్రౌజర్ తెర నిండా పిచ్చి అక్షరాలు కుమ్మరించేది. నమ్మని బ్రౌజర్ సరిగ్గా చూపించేది. వాడేవాళ్ళు తిట్టేది మాత్రం నమ్మినదాన్నే, "పక్క బ్రౌజర్‌లో బాగానే వస్తోందే!" అని. పోటీలో నిలబడాలనుకున్న ప్రతి బ్రౌజరూ సర్వర్ చెప్పింది పక్కన పెట్టి లోపలి బైట్లు చూడటం మొదలుపెట్టింది. ఇందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అందరికంటే ముందుంది. ఈ పనికి ఇంగ్లిష్‌లో స్నిఫింగ్ అని పేరు పెట్టారు, వాసన చూడటం. మాట కాస్త నాటుగా ఉన్నా సరిగ్గా అతికింది.

వాసన పట్టడం అంత కష్టమేమీ కాదు. పీఎన్‌జీ బొమ్మ అయితే మొదటి బైటు 137, ఆ వెంటనే పీ, ఎన్, జీ అక్షరాలు. జిఫ్ అయితే మొదటి మూడు బైట్లలో దాని పేరే ఉంటుంది. పీడీఎఫ్ ముందు శాతం గుర్తు, ఆ వెనక పేరు. ఇప్పుడు ఈ వాసన చూసే విద్యకే బ్రౌజర్ల తయారీదారులు పెట్టుకున్న వాట్‌విగ్ బృందం రాసిన ఒక ప్రమాణం ఉంది. ఎన్ని బైట్లు చూడాలో, ఏ క్రమంలో చూడాలో అందులో రాసి పెట్టారు. 1445 బైట్ల వరకు చూడవచ్చు.

ఆ ప్రమాణంలో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. అపాచీ పాత అలవాటు కోసం ప్రత్యేకంగా ఒక జెండా పెట్టారు. దాని పేరే అపాచీ బగ్ జెండా. సర్వర్ పంపిన వరుస సరిగ్గా నాలుగు రాతల్లో ఒకటైతేనే ఆ జెండా లేస్తుంది. ఒట్టి టెక్స్ట్/ప్లెయిన్ ఒకటి. దాని పక్కన ఐఎస్ఓ-8859-1 అనే అక్షరాల పట్టిక పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నది రెండోది. అదే చిన్న అక్షరాల్లో ఉన్నది మూడోది. యూటీఎఫ్-8 అనే మరో పట్టిక పేరు ఉన్నది నాలుగోది. ఒక్క అక్షరం అటూ ఇటైనా జెండా లేవదు. ఆ నాలుగు రాతలూ మనిషి ఆలోచించి రాసినవి కావనీ, సర్వర్ తనంతట తాను వల్లించినవనీ అనుమానం. అందుకే అవి వస్తే బ్రౌజర్ గుడ్డిగా నమ్మదు, లోపల పాఠం కాని బైట్లు ఉన్నాయేమో చూస్తుంది. వేరేగా రాసి ఉంటే ఎవరో తెలిసే రాశారని నమ్ముతుంది. చెప్పినవాడి మాటను, వాడు దాన్ని పలికిన తీరును బట్టి నమ్మడమన్నమాట. పాఠపరిష్కర్తలు తాళపత్ర ప్రతుల్లో లేఖకుడి అలవాటు తప్పులను పోల్చేది సరిగ్గా ఇలాగే. యంత్రాల కోసం రాసిన నిబంధనలో ఇది ఎదురుపడుతుందని నేననుకోలేదు.

నామరూపాలు అనే జంటమాట మనకు వేదాంతం ఇచ్చింది. సర్వర్ చెప్పేది నామం, బ్రౌజర్ చూసేది రూపం. రెండూ కలిస్తే గొడవ లేదు. కలవనప్పుడు రూపాన్నే నమ్మితే ఏమవుతుందో 2009లో ఆడమ్ బార్త్, హువాన్ కబయేరో, డాన్ సాంగ్ ఒక పరిశోధన పత్రంలో చూపించారు. ఒకే ఫైలు రెండు వేషాలు వేయగలదు. పోస్ట్‌స్క్రిప్టులో ఉన్న పరిశోధన వ్యాసంలాగే ఉంటుంది, కానీ మొదటి బైట్లలో హెచ్‌టీఎంఎల్ వాసన కొడుతుంది. సమావేశానికి వ్యాసాలు స్వీకరించే సైటు దాన్ని వ్యాసంగా తీసుకుంటుంది. సమీక్షకుడు తెరవగానే అతని బ్రౌజర్ దాన్ని పేజీగా పొరబడుతుంది. లోపలున్న ప్రోగ్రాం నడిచి, సమీక్షకుడి పేరు మీద తనకు తానే మంచి మార్కులు వేసుకుంటుంది. ఊసరవెల్లి ఫైళ్ళని వాళ్ళు పెట్టిన పేరుకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అంతకు ముందు ఏడాదే, 2008లో, వాసన చూడటం బాగా అలవాటు చేసిన మైక్రోసాఫ్టే తన ఎనిమిదో ఎక్స్‌ప్లోరర్‌కు నోస్నిఫ్ అనే హెడర్ జోడించింది. వాసన చూడకు, నేను చెప్పిందే నమ్ము అని సర్వర్ అడుక్కునే వరుస అది. నమ్మమని విడిగా బతిమాలుకోవాల్సి వచ్చిందంటే, నామానికి అప్పటికే ఎంత పరువు పోయిందో చూడండి.

ఇందాక అచ్చు గురించి చెప్పినప్పుడే తెలుగు చదువుకున్నవారికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. మనకు రెండో అచ్చు ఉంది కదా? అ, ఆ, ఇ, ఈలు అచ్చులు. ఈ అచ్చుకూ ముద్రణాలయపు అచ్చుకూ ఏ చుట్టరికమూ లేదు. ఇది పాణిని వ్యాకరణం నుంచి వచ్చింది. పద్నాలుగు మాహేశ్వర సూత్రాల్లో ప్రతి సూత్రం చివరా ఒక పొల్లు హల్లు ఉంటుంది. దాన్ని ఇత్ అంటారు. మొదటి సూత్రంలోని అకారం నుంచి నాలుగో సూత్రం చివరి చకారం దాకా చుట్టచుట్టి చెబితే అచ్. దానికి తెలుగు ఉకారం తగిలి అచ్చు అయింది. తమాషా ఏమంటే, స్వరానికి మనం పెట్టుకున్న పేరులో ఉన్న ఆ చకారం స్వరం కాదు, ఆ జాబితాలో లెక్కకే రాదు. ఇక్కడితో ఆగు అని చెప్పే గుర్తు, అంతే.

పాణిని ఈ గుర్తులను ప్రత్యయాలకు కూడా తగిలించాడు. కృతం అన్న మాట తీసుకోండి. కృ ధాతువుకు క్త ప్రత్యయం చేరింది. క్తలోని కకారం రూపంలో ఎక్కడా లేదు. దాని పని వేరు. గుణం చేయవద్దు, ఋకారాన్ని అర్ చేయవద్దు అని ఆజ్ఞ ఇస్తుంది. ఇచ్చి, లోపించిపోతుంది. ఆ కకారం లేని ప్రత్యయమైతే కృ కాస్తా కర్ అవుతుంది, కర్తలో అయినట్టు. అంటే పాఠంలో కలిపి రాసి, పాఠంలో భాగం కాకుండా, చదివే యంత్రాంగానికి ఆజ్ఞ ఇచ్చి, ఫలితంలో కనబడకుండా పోయే అక్షరం. దీన్ని ఇవాళ మార్కప్ అంటున్నారు. పాణిని కంప్యూటర్ కనిపెట్టాడని వాట్సాప్‌లో తిరిగే ముచ్చట్లలోకి నన్ను లాగకండి. ఆయన చేసింది వ్యాకరణమే. కాకపోతే ట్యాగ్ అంటే ఏమిటో తెలుగు పండితుడికి చెప్పాల్సి వస్తే అనుబంధం, ఇత్ అని రెండు మాటలు చాలు, క్లాసు తీసుకోనక్కర్లేదు.

మార్కప్ అనే మాట మాత్రం అచ్చాఫీసు సంతానం. రాతప్రతి అంచుల్లో, వరుసల మధ్య, ఇది లావు అక్షరాల్లో, ఇది శీర్షిక అని సంపాదకుడు కంపోజిటర్ కోసం పెట్టే గుర్తులు. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ దాన్ని కంప్యూటర్ భాషగా మలిచి జీఎంఎల్ అన్నారు. ఆ మూడక్షరాలు ముగ్గురి ఇంటిపేర్ల మొదళ్ళు కూడా. అది పెరిగి 1986లో ఎస్‌జీఎంఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. హెచ్‌టీఎంఎల్ దాని నీడలోనే పుట్టింది.

ఎస్‌జీఎంఎల్ పత్రం తలమీద డాక్‌టైప్ అనే ప్రకటన ఉండాలి. మళ్ళీ టైపే! కంటెంట్-టైప్ బయటినుంచి చెప్పే రకం అయితే, డాక్‌టైప్ లోపల రాసుకున్న రకం. ఫలానా నియమావళి ప్రకారం నన్ను రాశారు, కావాలంటే తెచ్చి సరిచూసుకోండి అని దాని భావం. వెబ్ బ్రౌజర్లు ఆ నియమావళిని ఎన్నడూ తెచ్చుకోలేదు, సరిచూసుకోలేదు. వాళ్ళకు అక్కర్లేని ఆ పత్రాలను వేరే ప్రోగ్రాములు మాత్రం అదే పనిగా అడుగుతూ పోయాయి. ఎంతగా అంటే, 2008లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ తన సర్వర్ల మీద రోజుకు 13 కోట్ల దాకా ఇలాంటి అభ్యర్థనలు వచ్చి పడుతున్నాయని మొత్తుకుంది.

బ్రౌజర్లు డాక్‌టైప్‌కు వేరే ఉద్యోగం ఇచ్చాయి. పాత బ్రౌజర్ల తప్పులను ఆసరా చేసుకుని కట్టిన పేజీలు అప్పటికే లక్షలున్నాయి. పెట్టె వెడల్పులో అంచుల మందాన్ని కలిపి లెక్కవేయడం ఆ తప్పుల్లో ఒకటి. ప్రమాణం ప్రకారం లెక్క సరిచేస్తే ఆ పేజీలన్నీ చెదిరిపోతాయి, చేయకపోతే కొత్త పేజీలు సరిగ్గా రావు. టాడ్ ఫార్నర్ సూచించిన చిట్కాను 2000లో మ్యాక్ కోసం వచ్చిన ఐదో ఎక్స్‌ప్లోరర్‌లో టాన్టెక్ చెలిక్ అమలు చేశాడు. తలమీద సరైన డాక్‌టైప్ ఉంటే ప్రమాణం ప్రకారం, లేకపోతే క్వర్క్స్ మోడ్‌లో, అంటే పాత చాదస్తాలన్నీ భరిస్తూ పేజీని చూపించడం. రకాన్ని ప్రకటించాల్సిన వాక్యం లైటు స్విచ్చయి కూర్చుంది. ఇవాళ్టి డాక్‌టైప్ ఖాళీతో సహా 15 అక్షరాలు, ఏ నియమావళినీ పేర్కొనదు. అర్థం పోయింది, పని మిగిలింది. 'శ్రీ' చుట్టకుండా ఉత్తరం మొదలుపెట్టని పెద్దవాళ్ళు మనకూ ఉండేవారు.

ఈ రెండు టైపులూ ఎదురెదురుగా నిలబడిన సందర్భం ఎక్స్‌హెచ్‌టీఎంఎల్. 2000 జనవరి 26న డబ్ల్యూత్రీసీ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. హెచ్‌టీఎంఎల్ నిండా తెరిచి మూయని ట్యాగులు, తప్పు వరసలో మూసిన ట్యాగులు. దీన్ని వాళ్ళు ట్యాగ్ సూప్ అన్నారు, మనమైతే కలగూరగంప అంటాం. దాన్ని ఎక్స్‌ఎంఎల్ అనే మరో మార్కప్ భాష కట్టుబాటులోకి తేవాలని ఉద్దేశం. ఎక్స్‌ఎంఎల్ ధర్మం కఠినం. ఒక్క ట్యాగ్ మూయకపోతే పత్రమంతా చెల్లదు. ఫైర్‌ఫాక్స్ అయితే పేజీ స్థానంలో లేత పసుపు పలక మీద ఎర్రటి అక్షరాలతో ఫలానా వరుసలో తప్పుందని రాసి ఊరుకునేది.

కానీ ఆ కఠినత్వం రావాలంటే సర్వర్ ఆ పేజీని అప్లికేషన్/ఎక్స్‌హెచ్‌టీఎంఎల్+ఎక్స్‌ఎంఎల్ అనే పేరుతో పంపాలి. అప్పుడు అందరూ వాడే ఎక్స్‌ప్లోరర్‌కు ఆ పేరే తెలియదు, చూపించకుండా డౌన్‌లోడ్ చేసుకోమనేది. 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చేదాకా ఇదే పరిస్థితి. ప్రమాణం రాసినవాళ్ళు అనుబంధం-సీలో ఒక సందు వదిలారు. కొన్ని జాగ్రత్తలు పాటిస్తే పాత టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ పేరుతోనే పంపుకోవచ్చని. ప్రపంచమంతా ఆ సందులోంచే నడిచింది. ఫలితం ఏమిటంటే, పైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని గర్వంగా డాక్‌టైప్ రాసుకున్న పేజీని బ్రౌజర్ కలగూరగంపగానే చదివేది. మడి కట్టుకుని వేసిన గీతలన్నిటినీ దాటవేసేది. 2002లో ఇయన్ హిక్సన్ ఇది హానికరమని ఒక వ్యాసమే రాశాడు. అక్షరం తేడా లేని ఒకే ఫైలు ఒక పేరుతో పంపితే పేజీ, ఇంకో పేరుతో పంపితే పసుపు పలక. లోపలి టైపుకు విలువ లేదని, బయటి టైపే విధి రాస్తుందని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ నిరూపించలేరు.

2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్ళు కలిసి వాట్‌విగ్ పెట్టుకుని వేరు దారి పట్టారు. తప్పులు చేయవద్దని చెప్పడం మానేసి, తప్పు జరిగితే బ్రౌజర్లన్నీ ఒకేలా ఏం చేయాలో రాశారు. ఆ నియమాల పేర్లు చూడండి. ఒకదానిలో ఒకటి చిక్కుకున్న ట్యాగులను విడదీసే పద్ధతి పేరు దత్తత సంస్థ. పట్టికలో చోటు తప్పి పడిన మాటలను పట్టిక ముందుకు చేర్చడానికి పేరు పెంపుడు తల్లిదండ్రుల విధానం. అనాథ ట్యాగులను ఆదుకునే ఈ శాస్త్రం 2014 అక్టోబర్ 28న హెచ్‌టీఎంఎల్5గా డబ్ల్యూత్రీసీ ముద్ర కూడా వేయించుకుంది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రెండో వెర్షన్ పనిని అంతకు ముందే, 2009లో, ఆపేశారు.

నా తీర్పు నేను చెప్పేస్తాను. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ కాలం దయ చూపాల్సిన చోట కాఠిన్యం, కాఠిన్యం చూపాల్సిన చోట దయ చూపింది. ట్యాగ్ మూయడం మరిచినవాడి మీద పసుపు పలక ఎత్తింది. తప్పుడు పేరుతో సరుకు పంపినవాడిని మాత్రం పోనీలే అని వదిలేసింది. ఇప్పటి ఏర్పాటు దీనికి తలకిందులు, అదే న్యాయం. వ్యాకరణం తప్పితే సర్దుకుని చదవచ్చు, ఏ పెద్దమనిషైనా చేసే పనే. పేరు తప్పుగా చెప్పినప్పుడు సర్దుకుంటే ఊసరవెల్లులు లోపలికొస్తాయి. పేజీ రూపురేఖలు చెప్పే స్టైల్‌షీట్ల విషయంలో ఈ కొత్త న్యాయం బాగా కనబడుతుంది. పేజీ ప్రమాణం ప్రకారం నడుస్తుంటే, టెక్స్ట్/సీఎస్ఎస్ అని పేరు చెప్పుకోని స్టైల్‌షీట్‌ను బ్రౌజర్ గుమ్మం తొక్కనివ్వదు. చాదస్తపు మోడ్‌లో ఉంటే, అదీ సొంత సైటుదైతే, ఇప్పటికీ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

తెలుగుకు ఈ తగవులో సొంత వాటా ఉంది. కంటెంట్-టైప్ వరుసలో పేరు పక్కన చార్‌సెట్ అని ఇంకో ముక్క ఉంటుంది, ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే ముక్క. 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం ప్రకారం అది చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1, అంటే పశ్చిమ యూరప్ అక్షరాలని అర్థం. ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లతో నడిచేవి. పేజీలో ఉన్నవి నిజానికి లాటిన్ అక్షరాల అంకెలే. ఆ అంకెల చోట తెలుగు ఆకారాలు గీసిన ఫాంట్ మీ దగ్గరుంటే తెలుగు, లేకపోతే గజిబిజి. హెడర్ లాటిన్ అంది, బైట్లూ లాటినే, కంటికి మాత్రం తెలుగు. నామం అబద్ధం చెప్పలేదు, రూపమే వేషం వేసింది. చదివేవారికి అది తెలుగే, వెతికే యంత్రానికి కాదు. ఒక పత్రికలో వాక్యాన్ని కాపీ చేసి ఇంకో పత్రిక ఫాంట్‌లో పెడితే మూడో భాషయ్యేది. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ జోడింపు అలాంటి పేజీలను అప్పటికప్పుడు అన్ని లిపులకూ ఒకే అంకెల పట్టిక అయిన యూనికోడ్‌కు మార్చి చూపేది, అప్పట్లో చాలామందికి అదే దిక్కు. నిజానికి 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 గళ్ళ చోటు ఇచ్చారు. ఆ గళ్ళు మన తెరల మీదికి రావడానికి పదేళ్ళకు పైనే పట్టింది.

యూనికోడ్ వచ్చాక పాత రోగం కొత్త రూపంలో కనబడుతోంది. యూటీఎఫ్-8లో 'అ' అంటే మూడు బైట్లు, 224, 176, 133. సర్వర్ చార్‌సెట్ తప్పుగా చెబితే ఈ మూడూ మూడు వేరువేరు గుర్తులవుతాయి. నెత్తిన వాలుగీత ఉన్న 'ఏ' అనే లాటిన్ చిన్నక్షరం, డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు. హల్లులన్నీ, గుడి దాకా గుణింతపు గుర్తులూ ఇలా 'ఏ', డిగ్రీలతోనే మొదలవుతాయి. గుడిదీర్ఘం నుంచి మొదలుకొని కొమ్ము, ఎత్వం, పొల్లు వంటివి 'ఏ', ప్లస్-మైనస్ గుర్తులతో మొదలవుతాయి. 'తెలుగు' అన్న మాట 18 బైట్లు కాబట్టి 18 గుర్తులవ్వాలి, ఒకటి రెండు కంటికి కనబడవు. తెర నిండా డిగ్రీలూ ప్లస్-మైనస్‌లూ బారులు తీరితే ఫాంట్ లేదని కంగారుపడకండి, హెడర్ తప్పింది. కొసరు విశేషం, హెడర్‌లో ఐఎస్ఓ-8859-1 అని ఉంటే ఇవాళ్టి బ్రౌజర్ దాన్ని ఆ పేరుతో చదవదు, విండోస్-1252గా చదవాలని ప్రమాణమే చెబుతోంది. ఆస్కీ అన్నా అంతే. అందరూ తప్పుగా వాడిన పేరుకు చివరికి ఆ తప్పే అర్థమైంది. రూఢి యోగాన్ని మింగేస్తుందని మన ఆలంకారికులకు కొత్తగా చెప్పాలా?

రూఢి బలం జావాస్క్రిప్ట్ టైపు విషయంలోనూ తెలిసొచ్చింది. 2006లో ప్రమాణకర్తలు టెక్స్ట్/జావాస్క్రిప్ట్ అనే పేరు కాలం చెల్లిందని, అది ప్రోగ్రాం కాబట్టి అప్లికేషన్ ఇంటిపేరే పెట్టాలని తీర్మానించారు. జనం వినలేదు. 2022 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9239 పాత పేరునే తిరిగి గద్దెనెక్కించి, అప్లికేషన్ పేరును కాలం చెల్లినదిగా ప్రకటించింది.

తెలుగులో సైటు నడిపేవారికి ఒక విన్నపం. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ అనే చోట మీ పేజీ పేరు నొక్కి, కంటెంట్-టైప్ వరుస చదవండి. అందులో టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ పక్కన యూటీఎఫ్-8 అని ఉండాలి. పేజీ లోపల మెటా ట్యాగ్‌లో రాశాం కదా అనుకోకండి, హెడర్ వేరే మాట చెబితే హెడర్ మాటే చెల్లుతుంది. మెటా ట్యాగ్ కూడా మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. పాఠకులు ఫైళ్ళు ఎక్కించే సైటైతే నోస్నిఫ్ వరుస జోడించండి. డాక్‌టైప్ 15 అక్షరాలూ తలమీద ఉన్నాయో లేదో చూసుకోండి. ఇవన్నీ సరిచూడటానికి పది నిమిషాలు చాలు.